ఎవరు పెట్టిన చెట్టు? సీతాఫలాల వెంట నాలుగు రోజులు

మా మేనకోడలు స్పెయిన్‌లో, కోర్దోబా ఊళ్లో ఆలివ్ చెట్ల జన్యువుల మీద పనిచేస్తుంది. ఇంట్లో దానికి "నూనెచెట్ల డాక్టరమ్మ" అని పేరు పెట్టాం. మూడేళ్ల తర్వాత ఈ దసరాకు జడ్చర్ల వచ్చింది. జమ్మి ఇచ్చుకోవడాలు, కాళ్లు మొక్కడాలు అయిపోయాయో లేదో, "మామా, గుట్టల మీద సీతాఫలాలు చూడాలె. నాలుగు రోజులు బండి తోల్తవా?" అంది. రిటైరైన లెక్కల పంతులుకు వేరే పనేముంటుంది? పాత ఆల్టోకు గాలి కొట్టించి, సంచిలో వంటింటి త్రాసు వేసుకుని బయల్దేరాం. త్రాసు దాని ఆలోచనే. అమ్మ మాత్రం "సీతాఫలం సూడనీకి స్పెయినుకెళ్లి రావాల్నా" అని నవ్వింది.

మొదటి రోజు, బాలానగర్

పొద్దున ఆరింటికే హైవే పక్కన గంపలు దిగుతున్నాయి. తండాల నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆటోల్లో తెస్తారు. హైదరాబాద్ బేరగాళ్లు అప్పటికే వచ్చి గంపలో పైకాయ చూడరు, చెయ్యి లోపలికి పెట్టి అడుగుకాయ తీసి చూస్తారు. చూసేది కన్ను. కాయ మీది గళ్ల మధ్య గీతలు విచ్చుకుని పచ్చదనం పోయి మీగడ రంగుకు వస్తే కన్ను ఇచ్చినట్టు. కన్ను ఇవ్వని కాయను గడ్డిలో కాదు, బంగారంలో పెట్టినా పండదు. నల్లబడి రాయిలా అయిపోతుంది. హైదరాబాద్‌లో సీతాఫల్‌మండి అని ఒక పేటకే పేరుందంటే ఈ గంపల దయే అనుకుంటాను.

మేనకోడలు ఒక ముసలమ్మ ముందు కూర్చుంది.

"అవ్వా, ఇవి తోటయా, గుట్టయా?"

"గుట్టయే బిడ్డా. తోటోళ్లు మందు కొడ్తరు. గుట్టకెవడు కొడ్తడు?"

"మరి గుట్ట మీద ఆ చెట్లు ఎవరు పెట్టిన్రు?"

అవ్వ దాన్ని ఎగాదిగా చూసింది. "ఎవరు పెడ్తరు? పెడ్తేనే మొలుస్తదా?"

ఈ ప్రశ్న నాలుగు రోజుల్లో కనీసం ముప్పైసార్లు విన్నాను. మొదట్లో చాదస్తమనుకున్నాను. తర్వాత కార్లో చెప్పింది. మధ్యధరా సముద్రం చుట్టూ ఆలివ్ చెట్లు మూడు తీరులవి ఉంటాయట. మనిషి పెట్టినవి ఒకటి. మనిషి పుట్టకముందు నుంచీ ఉన్న అసలు అడవి చెట్లు ఇంకొకటి. చిన్న కాయ, పెద్ద టెంక, కొమ్మలకు ముళ్లు. మూడోది చిక్కు తెచ్చే రకం: తోటలోని కాయను పిట్ట తిని, గింజను కొండ మీద వేస్తే మొలిచినవి. చూడ్డానికి అడవి చెట్టే, నెత్తురు మాత్రం తోటది. కంటితో చూసి తేల్చడం కష్టం, అందుకే ఆకు తెంపి జన్యువులు చదువుతారు. "నా ఉద్యోగమంతా ఆ ఒక్క ప్రశ్నే మామా, ఎవరు పెట్టిన చెట్టు అని."

బాలానగర్ అన్న పేరు దేశంలో ఏ పండ్ల నర్సరీకి పోయినా వినిపిస్తుంది. సీతాఫలం రకాల పట్టికలో అది తప్పకుండా ఉంటుంది. స్పెయిన్‌లో అర్బెకీనా అనే ఆలివ్ రకం ఉందట, అర్బెకా అనే చిన్న ఊరి పేరు మీద వచ్చింది. ఊరి పేరు కాయకు, కాయ వల్ల ఊరికి పేరు. రెండు చోట్లా అదే కథ. కానీ తేడా ఒకటుంది. లోకంలో ఎక్కడ అర్బెకీనా పెట్టినా అది కొమ్మ నుంచి కొమ్మగా వచ్చిన ఒకే చెట్టు. ఈ గంపలోని బాలానగర్ కాయలు గింజ చెట్లవి, ఏ చెట్టుది ఆ చెట్టుకే సొంతం. నర్సరీవాళ్లు అంటు కట్టి అమ్మేది ఆ వరసలో నుంచి ఏరుకున్నది.

పక్కన ఉన్న పిల్లగాడు "అక్కా, గింజల్లేని సీతాఫలం ఉంటదా?" అని అడిగాడు. ఉంటుందట. థాయ్‌లాండ్ నుంచి వచ్చిన ఒక మొక్కలో గింజ పైపొరను కట్టే జన్యువు ఒకటి ఎగిరిపోయిందని, అందుకే గింజ కట్టదని 2011లో తేల్చారు. ఆ పని చేసినవాళ్లలో మలాగా దగ్గరి శాస్త్రవేత్తలున్నారు. అక్కడి గ్రనడా తీరంలో మన సీతాఫలానికి అక్కలాంటి చెరిమోయా తోటలు చాలా పెద్దవి. పిల్లగాడు అంతా విని, "గింజల్లేకుంటే ఉమ్మే మజా ఏముంటది?" అన్నాడు. నేను వాడి పక్షమే.

రెండో రోజు, కాకర్లపహాడ్

మహబూబ్‌నగర్ నుంచి నవాబ్‌పేట వైపు వెళ్తే కాకర్లపహాడ్. పేరులోనే గుట్ట ఉంది. ఉద్యానశాఖ పుస్తకాల్లో ఈ ఊరి పేరుతో కూడా ఒక సీతాఫలం రకం ఉంది, విరగగాస్తుందని పేరు. దారిలో టైరు పంక్చరై గంట పోయింది, స్టెప్నీలోనూ గాలి లేదు. ఆ సంగతి ఇక్కడితో వదిలేస్తాను.

గుట్ట ఎక్కుతుంటే ఒక మేకలాయన జత కలిశాడు. ఆయన మేకలు బలుసు కంపను, తుమ్మను, చివరికి మా మేనకోడలి చున్నీని కూడా వదల్లేదు గాని సీతాఫలం ఆకు ముట్టలేదు. ఒక పిల్లమేక మూతి పెట్టి, తుమ్మి, పక్కకు పోయింది. గుట్టలు సీతాఫలంతో నిండడానికి సగం కారణం ఇదే. మిగతావాటిని మేకలు మేసి బోడి చేస్తే, చేదు ఆకుది మాత్రం నిలుస్తుంది. ఇత్తులోనూ విషముంది. మా చిన్నప్పుడు నాయనమ్మ ఇత్తుల పొడి పేలకు రాసి గుడ్డ కట్టేది. ఒకసారి అది చెమటతో కారి నా కంట్లో పడింది. రెండు రోజులు కన్ను తెరవలేదు. నాకు సీతాఫలం ఇత్తంటే ఇప్పటికీ భయమే. పిల్లలున్నవాళ్లు ఆ వైద్యం జోలికి పోవద్దు.

పండు తిన్నవాళ్లంతా, కోతి, నక్క, పిట్ట, మేకలాయన, ఇత్తును మింగకుండా ఊసేస్తారు, లేదా మింగినా అది గట్టి పెంకుతో అట్లాగే బయటికి వస్తుంది. అదీ సేద్యం. బండసందులో చారెడు మట్టి చాలు.

పైకి వెళ్లాక త్రాసు తీసింది. ఆరు చెట్లు ఎంచుకుని, ఒక్కోదానికి నోటుపుస్తకంలో ఒక పేజీ. మొదటి చెట్టు కాయ 140 గ్రాములు, కళ్లు బుడిపెల్లా ఉబ్బి ఉన్నాయి, గింజలు 38. రెండోది గుండ్రంగా, కళ్లు దాదాపు సమంగా, నేలకు జారిన తాబేలులా ఉంది. 175 గ్రాములు, 29 గింజలు, కానీ గుజ్జు ఇసుకలాగ గరగర. మూడోది నేను ఎన్నడూ తినని తీపి. నాలుగోదాని తొక్కకు లేత ఊదారంగు జీర. నాలుగు చెట్లూ ఒకదానికొకటి పది అడుగుల దూరం లోపలే. లెక్కపెట్టడానికి తినాలి కాబట్టి, లెక్కల పంతులుగా ఆ బాధ్యత నేను తీసుకున్నాను.

"ఇంత తేడా ఉంటే ఇది అసలైన అడవి చెట్టే గదా?" అన్నాను.

"కాదు మామా. ఇదే మతలబు."

సీతాఫలం పుట్టింది అమెరికా ఖండపు వేడి నేలల్లో. పోర్చుగీసువాళ్ల ఓడల్లో 16వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చిందని చాలామంది చెప్తారు. అంతకన్నా ముందే ఉందని వాదించేవాళ్లూ ఉన్నారు; ఉత్తరప్రదేశ్ తవ్వకాల్లో దొరికిన ఒక మాడిన గింజను పట్టుకుని కొలంబస్‌కు ముందే సముద్రాలు దాటారేమోనని 2009లో ఒక వ్యాసం వచ్చింది. ఆ పంచాయితీ ఎట్లా తెగినా, చెట్టు పరాయి ఊరిదన్న మాట మారదు. అమెరికా నుంచి వచ్చి మన దగ్గర సీత అయింది. దాని చుట్టం రామఫలమైంది. ఇంకో చుట్టాన్ని ఇప్పుడు లక్ష్మణఫలమంటున్నారు, హనుమాన్ ఫలం కూడా సంతలోకి వచ్చింది. వలస వచ్చినవాళ్లకు రామాయణమంతా పంచిపెట్టాం.

కాబట్టి గుట్ట మీది చెట్టు అడవి చెట్టు కాదు, ఎప్పుడో ఎవరి పెరట్లోంచో తప్పించుకుపోయిన చెట్టు. మేనకోడలు చెప్పిన మూడో రకం. సముద్రం దాటి వచ్చిన నాలుగు గింజల నుంచే ఇంత సంతతి అయితే, పైకి కనిపించే రూపభేదాలు ఎన్ని ఉన్నా లోపల జన్యువుల మూలధనం తక్కువే ఉంటుందని అది అంటుంది. ఆలివ్‌కు పుట్టిల్లు మధ్యధరా తీరమే. 6,000 ఏళ్ల కింద సిరియా, టర్కీ సరిహద్దు వైపు దాన్ని మచ్చిక చేసుకున్నారని ఆకులోని పత్రహరిత కణాల జన్యువులు చూసి 2013లో చెప్పారు. తర్వాత పడమటికి పోయినకొద్దీ అక్కడి అడవి ఆలివ్‌లతో కలుస్తూ పోయింది. దానికి చుట్టూ చుట్టాలే. మన సీతకు ఈ గుట్ట మీద తోబుట్టువులు తప్ప దాయాదులు లేరు.

దిగేటప్పుడు కాలం దాటి పూసిన పువ్వు ఒకటి కనిపించింది. చూస్తే పువ్వనిపించదు, లేత పచ్చని మొగ్గలా ఉంటుంది. మూడు మందపాటి రేకులు. మేనకోడలు గోటితో ఒక రేకు విప్పింది. లోపల చిన్న కోన్, దాని కొన మీద తడి మెరుపు. అది ఆడదశ. మొదట ఆడదిగా ఉండి, పుప్పొడి పట్టే తడి ఆరిపోయాక మగదై తన పుప్పొడి రాలుస్తుంది. అదే పువ్వు తనకు తాను పనికిరాదు. గసగసాల కన్నా కొంచెం పెద్దవి రెండు పెంకుపురుగులు రేకు మొదట్లో దాక్కున్నాయి. ఆ వాసనకు వచ్చి, పువ్వు నుంచి పువ్వుకు దూరి, పుప్పొడి మోసేది అవే. మేకలాయన వంగి చూసి, "ముప్పై ఏండ్ల సంది ఈడ తిరుగుతున్న, ఇది పువ్వని తెల్వదు" అన్నాడు. నాకూ తెలియదని ఒప్పుకోలేదు.

మూడో రోజు, ఒక తోట, ఒక మర్రి

దేవరకద్ర దారిలో నా పాత శిష్యుడి తోట. మూడెకరాలు సీతాఫలం, కొంత బాలానగర్, కొంత మహారాష్ట్ర నుంచి తెచ్చిన బంగారు రంగు రకం. చాయ్ ఇచ్చి, కూర్చోబెట్టి, వాడి గోడు చెప్పుకున్నాడు. బాలానగర్ అంట్లని చెప్పి ఒక నర్సరీవాళ్లు అంటగట్టిన 80 మొక్కల్లో మూడేళ్ల తర్వాత సగానికి సగం వేరే కాయ కాసింది. "సార్, కొన్నది ఏందో, కాసింది ఏందో. ఎవరిని అడుగుదు?"

ఆలివ్‌లో ఇదే రోగం పెద్దదట. ఒకే చెట్టుకు లోయకో పేరు, పది రకాల చెట్లకు ఒకే పేరు. జన్యుముద్ర అనే పద్ధతి వచ్చాక, వేలిముద్రలా ఆకు ముద్ర తీసి, కోర్దోబాలో దేశదేశాల రకాలు పెంచే తోటలోని చెట్లతో పోల్చి చూస్తారు. పేర్లెన్నో కొట్టివేయాల్సి వచ్చింది. వాడు అంతా విని, "నాకు ఆ ముద్ర ఎంతకైతదమ్మా?" అన్నాడు. పంట పెట్టేవాడి ప్రశ్న ఎప్పుడూ సూటిగా ఉంటుంది. మొక్క కొనేముందు తల్లిచెట్టు చూపించమని అడుగు, అది పైసా ఖర్చు లేని ముద్ర అని చెప్పింది.

వాడి తోటలో ఎండాకాలం చివర పొద్దున్నే చిన్న కుంచెతో పుప్పొడి తీసి ఆడదశలోని పువ్వులకు అద్దుతారు. అద్దిన కొమ్మకు కాయ ఎక్కువ నిలబడుతుంది, వంకర లేకుండా ఊరుతుంది. "మీ నూనె చెట్లకు గూడ గిట్లనే అద్దుతరా?" అన్నాడు.

"లేదన్నా, గాలే మోస్తది. కానీ ఆలివ్‌లకు గోత్రాలుంటయి."

"గోత్రాలా?"

"రెండే రెండు. ఎన్ని వందల రకాలున్నా అన్నీ ఆ రెండింట్ల ఏదో ఒకదాంట్లకే వస్తయి. ఒకటే గోత్రపోళ్లు కలిస్తే కాయ కట్టది. అడవి చెట్లకు గూడ అదే లెక్క."

వాడు నవ్వి నవ్వి చాయ్ ఒలకబోసుకున్నాడు. "మన పెద్దమనుషులకు చెప్పకమ్మా, చెట్లకు గూడ లగ్గాలు ఆపుతరు." ఇది 2017లో బయటపడిన సంగతి. అంతకు ముందు ఏ రకం పక్కన ఏది పెట్టాలో రైతులు అనుభవంతోనే ఏగారు. మరి ఆలివ్ ఇక్కడ కాస్తుందా అని కూడా అడిగాడు. రాజస్థాన్‌లో ఇజ్రాయెల్ సాయంతో పెట్టారుగాని, చలికాలంలో చలి తగలకపోతే అది పూత పట్టదు. పాలమూరు చలి ఏపాటిదో వాడికే తెలుసు.

సాయంత్రం పిల్లలమర్రికి. నా బళ్లో పిల్లల్ని ఎన్నిసార్లు తెచ్చానో లెక్కలేదు. మూడెకరాల మేర పరచుకున్న మర్రి, 700 ఏళ్లదని చెప్పుకుంటారు. అసలు మొదలు ఏదో ఎవరూ చూపలేరు, ఊడలే మొదళ్లయ్యాయి. 2017 చివర ఒక పెద్ద కొమ్మ విరిగి పడింది. చెదలు లోపల తినేశాయి. మరుసటేడు ఆసుపత్రిలో రోగికి పెట్టినట్టు సీసాలు వేలాడదీసి కొమ్మల్లోకి మందు ఎక్కించారు. ఆ ఫోటోలు దేశమంతా తిరిగాయి. తర్వాత కొన్నేళ్లు దగ్గరికి రానివ్వలేదు.

మేనకోడలు చుట్టూ తిరిగి, "ఇన్ని మొదళ్లున్నా ఒకటే మనిషి మామా" అంది. నిజమే. ఈ ఊడకూ ఆ ఊడకూ జన్యువుల్లో తేడా ఉండదు, కాబట్టి ఒకదాన్ని పట్టిన తెగులుకు అన్నీ ఒక్కటే. ఇటలీ మడమ దగ్గరి పూలియాలో 2013లో ఆలివ్ చెట్లు ఎండిపోవడం మొదలైంది. గొంగడి పురుగు కాదు, కరువు కాదు. చెట్టు నీటినాళాలను మూసేసే ఒక బ్యాక్టీరియా. వందల ఏళ్ల తోటలు, ఒకటో రెండో రకాలు వరసగా నాటినవి, మైళ్లకు మైళ్లు ఎండాయి. లెచ్చీనో అనే రకం మాత్రం తట్టుకుంది. ఇప్పుడు అక్కడ శాస్త్రవేత్తలు ఎండిన తోటల నడుమ తమంతట తాము మొలిచిన పచ్చని చెట్లను వెతుక్కుంటున్నారట. ఎవరూ పెట్టనివాటినే.

మర్రి నీడలో పల్లీల బండి దగ్గర ఇదంతా చెప్తుంటే, బండాయన మాకు తెలియకుండానే రెండు పొట్లాలు అదనంగా కట్టి పైసలు లెక్కేసుకున్నాడు.

నాలుగో రోజు, మన్ననూర్

కల్వకుర్తి, అచ్చంపేట దాటి నల్లమల అంచుకు చేరేసరికి పదకొండు. అడవి లోపలికి పోవడానికి మాకు అనుమతి దొరకలేదు. ఆ కిటికీ దగ్గర గడిచిన గంటన్నర గురించి రాయాలంటే ఇంకో వ్యాసం కావాలి. సరే, బయటనే తిరిగాం.

రోడ్డు పక్క ఒక చెంచు పెద్దాయన, ఆయన మనవరాలు ఆకుల్లో చుట్టిన సీతాఫలాలు పెట్టుకుని కూర్చున్నారు. మామూలు ప్రశ్న వేసింది. ఈసారి జవాబు వేరుగా వచ్చింది. సీతాఫలం అడవిది కాదు, ఊరిదన్నాడు ఆయన. ఊరిపక్కన, దారిపక్కన, పాత పెంట (చెంచుల గూడెం) దగ్గర ఉంటుంది, లోపల పెద్దడవిలో ఉండదట. మనుషులు తిరిగిన చోటే ఆ చెట్టు. నాలుగు రోజులుగా త్రాసు, నోటుపుస్తకం పెట్టుకుని మేం చెప్పుకుంటున్నది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. మేనకోడలు నా వైపు చూసింది. నేను త్రాసు సంచిలో పెట్టేశాను.

"మరి అడవిది ఏది తాతా?"

మొర్రి, తునికి, ఉసిరి, నేరేడు. మామిడి కూడా. వాగు వెంట మామిళ్లున్నాయి, ఒక్కోదానికి ఒక్కో గుర్తు: ఒకటి పీచుది, ఒకటి ఉప్పుతో తప్ప తినలేనిది, ఒకటి ఎలుగుబంటి ముందు వస్తే మనకు మిగలనిది. వాళ్లకు రకాల పేర్లు లేవు, చెట్ల పేర్లున్నాయి. మామిడి సీతాఫలం లాంటిది కాదు, ఈ గడ్డకు పాత చుట్టం. వాగులోని చెట్టు అసలైన అడవిదా, ఏ కాలంలోనో దారిన పోయినవాడు ఊసిన టెంకదా అన్నది ఆకు తెంపితే తప్ప తేలదు. తెంపడానికి మాకు అనుమతి లేదని చెప్పాను కదా.

మధ్యాహ్నం ఒక హోటల్లో అన్నం తిన్నాం. వెనక వాకిట్లో పారిజాతం. పొద్దున రాలిన పూలు ఇంకా వాడి నేల మీదే ఉన్నాయి, కాడలు మాత్రం కాషాయం పోలేదు. మేనకోడలు ఒక పువ్వు ఏరి నా చేతిలో పెట్టింది. "నువ్వు ఆలివ్ చూడలేదంటివి గదా మామా. ఇది దాని మేనత్త బిడ్డ." ఆలివ్, మల్లె, పారిజాతం ఒకే కుటుంబమట. నల్లమలలోని మక్కెం చెట్టు కూడా, కట్టెలాంటి కాయ రెండుగా పగిలే చెట్టు. ఇన్నేళ్లు మా ఆవిడకు మల్లెపూలు తెచ్చాను. నూనెచెట్ల ఇంటివాళ్లని తెలియదు.

తిరుగుదారిలో ఎక్కువ మాట్లాడుకోలేదు. జడ్చర్ల చేరేసరికి చీకటి.

ఆరు చెట్ల ఇత్తులూ కడిగి, వేరువేరుగా కాగితం పొట్లాల్లో కట్టి, పైన నంబర్లు రాసి డాబా మీద ఆరబెట్టింది. తనతో తీసుకుపోదు, మొక్కల గింజలు అట్లా దేశం దాటించకూడదు. నాకు అప్పజెప్పింది, తొలకరికి సంచుల్లో వేసి ఏ చెట్టు పిల్ల ఎట్లా వస్తుందో రాసిపెట్టమని. మూడో నంబర్ మీద నాకు ఆశ ఎక్కువ.

మరునాడు పొద్దున డాబా ఎక్కితే పొట్లాల్లేవు. కింద అమ్మ వాకిలి ఊడుస్తోంది.

"అమ్మా, పైన కాగితం పొట్లాలుండె గదనే?"

"ఇత్తులా? పిల్లలు నోట్లె పెట్టుకుంటే ఎట్ల? గోడెనక పారేసిన."

ఇద్దరం గోడ మీద నుంచి తొంగి చూశాం. అవతల ఖాళీ జాగాలో ముళ్లకంప, విరిగిన కుండ, వాటి నడుమ నడుమెత్తు సీతాఫలం చెట్లు మూడు. నేను ఎన్నడూ పట్టించుకోలేదు. ఒకదానికి రెండు కాయలు కూడా ఉన్నాయి.

మేనకోడలు నవ్వాపుకుంటూ వెనక్కి తిరిగింది. "అమ్మమ్మా, ఇవి ఎవరు పెట్టిన చెట్లు?"

"పెట్టుడేందే," అంది అమ్మ, చీపురు ఆపకుండా.